మా లైను సగటు

దలా,
మార్చి 18, 2021.

మేనకోడలు ఎస్తేరు రాణికి మావయ్య ఎలీజా రాసేది. నేనూ మీ అత్తా ప్రాణాలతో ఉన్నాం. ఈ రోజుల్లో అంతకు మించి క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది కనుక అంతటితో ఆపుతున్నాను.

సోమవారం నుంచి ఫోనులో నెట్టు లేదు. కొత్త సంవత్సరం నాడు నువ్వు వచ్చి నా ఫోనులో పెట్టిపోయిన షుగరు యాప్ ఉంది కదా, లెక్క ఎక్కించగానే అందులో ఒక చక్రం తిరిగి, నీ ఫోనుకి చేరిందని ఆగేది. ఇప్పుడది ఆగదు. పొద్దున మొదలుపెడితే మీ అత్త వంట అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. "దానికి కళ్ళు తిరగవేటి" అంటుంది మీ అత్త.

నువ్వు సిమ్ము విరిచి పారేశావని మన వరసిళ్ళ లైనులోని సన్యాసమ్మ చెప్పింది. మంచి పని చేశావు. సైన్యం గద్దెనెక్కిందని సమ్మెలో ఉన్న మీ నర్సుల పేర్లు పట్టుకుని సిపాయిలు ఇల్లిల్లూ తిరుగుతున్నారట. అందుకే కాగితం పట్టాను. చౌక్తడా కోర్టులో బతుకంతా టైపు కొట్టినవాణ్ణి, చేత్తో రాయడం మర్చిపోయాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. సన్యాసమ్మ ఎలాగూ వేరుశెనగల బుట్టతో రోజూ పడవలో ఏరు దాటి మీ వైపుకి వస్తుంది. బుట్ట అడుగున ఉత్తరం, పైన శెనక్కాయలు. ఎవరైనా తీసి చూస్తే ప్రార్థన కాగితమని చెప్పమన్నాను. సిపాయిలకు తెలుగు రాదు, ఆ మాత్రం ధైర్యం ఉంది.

ఇక పని మాట. ఇన్నాళ్ళూ నువ్వు నా లెక్కలు చూసి, ఇన్సులిన్ ఎంత పొడుచుకోవాలో చెప్పేదానివి. ఇప్పుడు నేనే రాసి పంపాలి. ఆ ఫోనులో చిన్న అంకెలు నాకు కనబడవు. మొదటి పేజీలో పెద్దగా సగటు అని చూపిస్తుంది కదా, అది రాస్తున్నాను. 262. ఏదీ దాచకుండా అన్నీ ఎక్కించు మావయ్యా అని నువ్వు ఆ రోజు చెప్పావు. నేనేదీ దాచలేదు. కడుపులో పడిన ప్రతిదానికీ బొమ్మ నొక్కాను.

స్ట్రిప్పులు అయిపోవచ్చాయి. మీరంతా సమ్మెకి పోయాక ఇక్కడి ఆస్పత్రికి తాళం పడింది. పొద్దున్నే మా ఇంటి ముందు బల్ల మీద కూర్చోడానికి చోటుండదు. నేను తప్పు పట్టడం లేదు. మీ సమ్మె న్యాయమైనదే. స్ట్రిప్పులు మాత్రం ఇంకో డబ్బా పంపు.

నీ శ్రేయస్సు కోరే,
ఎలీజా.

*

తామ్వే,
మార్చి 21.

మావయ్యా,

నీ కోర్టు భాష చూసి చాలా రోజులకి నవ్వొచ్చింది. సగటు దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

262 ఏమిటి మావయ్యా? జనవరిలో నీ సగటు నూట యాభై. ఫిబ్రవరి నుంచీ ఎక్కుతూనే ఉంది. సిమ్ము విరిచేముందు నీ పేజీ మొత్తం కూర్చుని చూశాను. ఒక్క పొద్దుటిపూటే చేపల పులుసు పోసిన మోహింగా సేమ్యా రెండు గిన్నెలు. దాని మీద పరాటా. ఆ మీద డబ్బా పాలు పోసిన తియ్య టీ. అరటికాయ బజ్జీలు. నీకు అరవై ఎనిమిదేళ్ళు, పెళ్ళిలో పిల్లాడివి కావు. స్ట్రిప్పులు ఇంత త్వరగా ఎందుకు అయిపోయాయో కూడా అర్థమైంది. తినడం, భయపడి పొడుచుకుని చూసుకోవడం, మళ్ళీ తినడం. బల్ల మీద చేరే కబుర్ల మేళాన్ని పంపించేయ్. వాళ్ళతో కూర్చుంటే నీ నోరు ఊరుకోదు.

నా సంగతి అడగలేదు, నేనే చెప్తాను. నేనూ పద్మినీ ఒకే గదిలో ఉంటున్నాం. నాతోపాటు వార్డులో చేసే పద్మిని, నువ్వు చూశావు, క్రిస్మస్‌కి వచ్చింది. ఇక్కడ ఒకళ్ళ వంటగదిలో, ఊరేగింపుల్లో తూటాలు తగిలినవాళ్ళ గాయాలు కుడుతున్నాం. కూర గిన్నెలు దింపి ఆ బల్ల మీదే పడుకోబెడతాం. కుట్టినవాళ్ళలో సగంమంది మిగలడం లేదు. రాత్రి పడుకుంటే కళ్ళు మూతపడవు. అప్పుడు నీ షుగరు గురించి ఆలోచిస్తాను. అదైనా నా చేతిలో ఉంది కదా అనుకుంటాను.

కాబట్టి బుద్ధిగా విను. పొద్దున పద్నాలుగు యూనిట్లు తీసుకుంటున్నావు కదా. రేపటి నుంచి ఇరవై. ఇంట్లో పంచదార డబ్బా, బెల్లం, తేనె ఏదీ ఉండకూడదు. అత్తకి చెప్పు, ఎవరికైనా ఇచ్చేయమను. నువ్వు నా మీద ఒట్టేసి ఆ మాట రాయాలి. చిన్న ఫ్లాస్కులో ఐసు పెట్టి ఇన్సులిన్ సీసా, స్ట్రిప్పుల డబ్బా పంపుతున్నాను. సన్యాసమ్మని ఎండలో నిలబడొద్దని చెప్పాను.

కోపంతోనే,
రాణి.

*

దలా,
మార్చి 25.

మా ఇంటి పెద్ద డాక్టరుకి, పేషెంటు ఎలీజా నమస్కారాలు.

నీ ఉత్తరం బల్ల మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాను. ఎవరి తిట్లు వాళ్ళకి పంచిపెట్టాను. మోహింగా తిట్లు ఎదురింటి బుల్లియ్యకి, పరాటా మంగాయమ్మకి. బుల్లియ్య సిగ్గుపడి గెడ్డం గోక్కున్నాడు. "ఏటి బావా, పాప తామ్వేలో కూకుని నా గిన్నెలో ఏటుందో సెప్పేత్తంది. సయామ అంటే సయామే, డాట్రమ్మే" అన్నాడు. మంగాయమ్మకి కోపం వచ్చి రెండు రోజులు ఇటు రాలేదు, మళ్ళీ వచ్చింది. నీ గొప్ప మా లైనంతా పాకిపోయింది. నాకు గర్వంగానే ఉంది కానీ ఒక్క మాట. ఇంత వయసొచ్చాక నన్ను నలుగురిలో తిట్టినట్టు రాస్తే ఎలాగమ్మా. నా జిహ్వ సంగతి పోయిన మీ అమ్మకు బాగా తెలుసు. మా అమ్మ వండిన కజ్జికాయలు తిని పిల్లి మీద పెట్టిన రోజులు పోయాయి.

ఇరవై పొడుచుకుంటున్నాను. పంచదార డబ్బా, బెల్లం అచ్చు మీ అత్త మూట కట్టి సన్యాసమ్మకి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు మొహం అదోలా పెట్టింది. ఒట్టేశాను. ఇక ఈ ఇంట్లో తీపన్నది లేదు.

సిపాయిలు మన లైను చివరిదాకా వచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రం నుంచీ నాకు చేతులు వణుకుతున్నాయి, పొద్దున పది దాటాక చెమటలు పోస్తున్నాయి. మీ అత్త విసనకర్రతో విసురుతూ కూర్చుంటుంది. ఇంతకుముందు నాకు ఇంత పిరికితనం ఉండేది కాదు. కోర్టులో ఎందరు దొరల్ని చూశాను. ముసలితనం కాబోలు.

దారిలో ఫోన్లు లాక్కుని బొమ్మలూ మాటలూ చూస్తున్నారట, అందుకని నా సిమ్ము కూడా తీసి బియ్యం డబ్బాలో పడేశాను. యాప్ మాత్రం సిమ్ము లేకపోయినా పనిచేస్తోంది. సగటు 281. ఎందుకు పెరిగిందో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి.

ఇట్లు తిట్లు తిన్న
మావయ్య.

*

తామ్వే,
మార్చి 29.

మావయ్యా,

పద్మినిని పట్టుకుపోయారు. శనివారం బజారు మొదట్లో. సంచిలో దూదీ, కట్టుగుడ్డలూ దొరికాయి. ఎక్కడ పెట్టారో తెలీదు. వాళ్ళమ్మ రోజూ జైలు గేటు దగ్గరికి అన్నం క్యారేజీ తీసుకెళ్తోంది. తీసుకుంటే లోపల మనిషి ఉన్నట్టు, తిప్పి పంపిస్తే లేనట్టు. ఇప్పటిదాకా తిప్పి పంపిస్తున్నారు.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, నాకు నీతో హాస్యాలాడే ఓపిక లేదు. బుల్లియ్య మావ మోహింగా తిన్నాడని, మంగాయమ్మ పరాటా తిందని కథలు చెప్పకు. కజ్జికాయలప్పుడు పిల్లి, ఇప్పుడు ఎదురింటివాళ్ళు. ఇరవై యూనిట్లు తీసుకుంటూ సగటు 281కి పెరిగిందంటే నువ్వు దాచుకుని తింటున్నావని నేను అనుకోకూడదా? అమ్మ పోయేముందు వాడి కాళ్ళు చూస్తూ ఉండవే అని నిన్ను నాకు అప్పగించింది. కాళ్ళు తీసేసిన షుగరు పేషెంట్లకి నేను కట్లు కట్టాను. ఇప్పుడు నీ కాలికి పుండు పడితే కోయడానికి కూడా ఆస్పత్రి లేదు.

చేతులు వణకడం గురించి రాశావు. ఉత్తరం చదవగానే షుగరు పడిపోతోందేమోనని భయమేసింది. తర్వాత సగటు చూసి కుదుటపడ్డాను. 281 ఉన్నవాడికి షుగరు తగ్గి వణుకు రాదు. అది భయమే. ఇక్కడ మా అందరి చేతులూ వణుకుతున్నాయి. నేను సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. దాని గురించి కంగారుపడి ఏమైనా తినకు.

రేపటి నుంచి ఇరవై ఆరు. ఇంకో సీసా సంపాదించాను, ఎలా సంపాదించానో అడక్కు. మావయ్యా, నేను ఇక్కడ ఎవర్నీ బతికించలేకపోతున్నాను. ఒక్కణ్ణయినా బాగు చేశానన్న తృప్తి నాకు మిగల్చు. ఇంకేమీ అడగను.

రాణి.

*

దలా,
ఏప్రిల్ 4, ఈస్టరు ఆదివారం.

అమ్మా రాణీ,

పద్మిని సంగతి చదివి మీ అత్త పొయ్యి ఆర్పేసి కూర్చుంది. ఆ పిల్ల క్రిస్మస్ నాడు మా ఇంట్లో రెండుసార్లు పులిహోర అడిగి పెట్టించుకుంది. మేమిద్దరం మోకాళ్ళ మీద కూర్చుని దాని పేరు పెట్టి ప్రార్థించాం. ప్రార్థించి లేచేసరికి నాకు కళ్ళు బైర్లు కమ్మి నీళ్ళ కుండ మీద తూలాను. కుండ పగిలింది, నా కళ్ళద్దాలూ పగిలాయి. మనిషికేం కాలేదు. ఈ ఉత్తరం అందాజుగా రాస్తున్నాను.

ఈస్టరు ఆరాధన లేదు. గుడికి గొళ్ళెం పెట్టారు. గుంపుగా పాడితే ఏమంటారోనని ఎవరింట్లో వాళ్ళం పెదాల్లో పాడుకున్నాం.

నువ్వు కోప్పడ్డావు. సరే. నేను తినలేదని ఇక వాదించను, నీకు వినే మనసు లేదు. ఇరవై ఆరు పొడుచుకుంటున్నాను. నువ్వడిగింది ఆ ఒక్కటే. అది కూడా చేయలేనా నీ కోసం.

ఇక్కడ లైను ఖాళీ అవుతోంది. మొన్న రెండిళ్ళ కుర్రాళ్ళని సిపాయిలు లారీ ఎక్కించుకుపోయాక జనం ఆగడం లేదు. బుల్లియ్య సంసారమంతా పడవలో కింది ఊళ్ళకి పోయింది. మంగాయమ్మ కూతురి దగ్గరికి పోయింది. కనుక ఇకనుంచి నీకు యాప్‌లో లెక్కలు తగ్గుతాయి, చూసి కంగారుపడకు. మొదట్లో ఏడుగురం వేలు పొడుచుకుని షుగరు చూసుకునేవాళ్ళం, ఇప్పుడు నేనూ, సన్యాసమ్మా, ఆ మూలింటి ముసలాయనే మిగిలాం. మనిషికో పేరు పెట్టే చోటు ఆ యాప్‌లో లేదు కానీ, తిండి బొమ్మని బట్టి ఎవరిదేదో నీకు తెలిసిపోతుంది కదా. మోహింగా ఉంటే బుల్లియ్య, తియ్య టీ ఉంటే సన్యాసమ్మ, జొన్న గంజి ఉంటే నేను. నువ్వు ఏదీ దాచకుండా అన్నీ ఎక్కించమన్నావని లైనులో ఒక్కరినీ వదలకుండా ఎక్కించాను. బుల్లియ్యది ఎప్పుడూ నాలుగొందలకి తగ్గలేదు పాపం. వెళ్ళేటప్పుడు "పాపని అడిగి నాకూ మందు రాయించు బావా" అన్నాడు. ఎక్కడికి పంపాలో చెప్పకుండానే పోయాడు.

సగటు 244. తగ్గింది కదా.

ప్రభువు లేచిన రోజున దీవెనలతో,
మావయ్య.

*

తామ్వే,
ఏప్రిల్ 7.

మావయ్యా, ఉత్తరం అందగానే ముందు ఇది చదువు, మిగతాది తర్వాత. ఇన్సులిన్ ఆపేయ్. ఈ రోజు వద్దు, రేపు వద్దు. నేను చెప్పేదాకా సూది ముట్టుకోకు. ఇంట్లో తీపి ఏది దొరికితే అది తిను. పంచదార, చెరుకు, అరటిపండు, తియ్య టీ, ఏదైనా. చేతులు వణికినా, చెమట పోసినా, కళ్ళు తిరిగినా వెంటనే తిను. అత్తా, నీకు చదవడం రాదు కనుక ఎవరిచేతనైనా చదివించుకుని ఈయన నోట్లో బలవంతంగా పొయ్యి.

అది భయం కాదు మావయ్యా. మందు ఎక్కువై నీ షుగరు పడిపోతోంది. నువ్వు రాసిన సగటు నీది కాదు. ఏడుగురి రక్తం కలిపి యాప్ తీసిన సగటు. దానికి ఏడుగురున్నారని తెలీదు, ఒక్కడే అనుకుంది. నేనూ అనుకున్నాను. బుల్లియ్య మావ నాలుగొందలు చూసి నీకు మందు పెంచాను. నీ సొంత లెక్క ఎంతో నాకు తెలీదు. జనవరిలో నువ్వొక్కడివే ఎక్కించినప్పుడు నూట యాభై. ఆస్పత్రులు మూసేశాకే సగటు పెరిగింది. అది నాకు తట్టలేదు. తిట్లు పంచిపెట్టానని నువ్వు నిజమే రాశావు, నేను హాస్యమనుకున్నాను.

సన్యాసమ్మ కోసం ఇవాళ పొద్దుటి నుంచి రేవు దగ్గర నిలబడ్డాను. రాలేదు. రేవు మెట్ల మీద సిపాయిలున్నారు. రెండు పడవలు దిగిన జనంలో ఒక్క తెలిసిన మొహం లేదు.

ఏప్రిల్ 8. ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. ఒకావిడ ఫోను అడిగి నీ నంబరుకి చేశాను. నీ సిమ్ము బియ్యం డబ్బాలో ఉందని తెలిసీ చేశాను. లైనులో ఫోనున్న వాళ్ళందరూ వెళ్ళిపోయారు. నేనే దాటుదామని వరస దాకా వెళ్ళాను. ముందున్నవాళ్ళ కార్డులు తీసి పేర్ల కాగితంతో పోల్చి చూస్తున్నారు. వెనక్కి వచ్చేశాను. వెనక్కి ఎందుకొచ్చానో నాకే తెలీదు. రేపు పొద్దున మళ్ళీ వెళ్తాను. పడవవాళ్ళలో ఎవరో ఒకరు తీసుకోకపోరు.

నువ్వు మాట వినే మనిషివి కాదని అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఈ ఒక్కసారి నా మాట వినకుండా ఉండు మావయ్యా.

రాణి.

*

దలా,
ఏప్రిల్ 8.

అమ్మా రాణీ,

ఇదే ఆఖరి తపాలా. సన్యాసమ్మ రేపు తెల్లారగట్ల చిన్న పడవలో దాటి, నీకు ఉత్తరం ఇచ్చి, అటునుంచి అటే అక్క దగ్గరికి పోతుందట. ఇక ఇటు రాదట. మూలింటి ముసలాయన్ని కొడుకు వచ్చి తీసుకుపోయాడు. లైనులో మేమిద్దరమే మిగిలాం. కుక్కలు కూడా మా మెట్ల కిందకే వచ్చి పడుకుంటున్నాయి.

ఇకనుంచి యాప్‌లో లెక్క నా ఒక్కడిదే. శుభవార్త చెప్తాను. ఇవాళ పొద్దున సూది పొడిచి చూస్తే 58. అద్దాలు లేవు కనుక సన్యాసమ్మ చేత రెండుసార్లు చదివించాను. నా బతుకులో ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. యాప్ ఎక్కించగానే ఎర్రగా మెరిసి ఏదో రాసింది. నెట్టు కావాలని అడుగుతున్నట్టుంది. నెట్టు ఎక్కణ్ణించి తెచ్చేది, దాన్ని మూసేశాను. తక్కువైతే ప్రమాదమని జనవరిలో నువ్వేదో చెప్పినట్టు గుర్తు. అయితే సగటు ఇంకా రెండొందలు దాటే ఉంది. అంత ఉన్నవాడికి తగ్గడమనేది ఉండదని నువ్వే రాశావు కదా. ఆ ఉత్తరం తలగడ కింద ఉంది.

మీ అత్తతో పెద్ద గొడవ అయింది. నా చొక్కా చెమటకి తడిసిపోయిందని, మాట ముద్దగా వస్తోందని ఏడుపు. సన్యాసమ్మ మూటలోంచి మన బెల్లం ముక్కే ఒకటి అడిగి తెచ్చింది. "ఒక్క ముక్క నోట్లో ఏసుకోవయ్యా, పాపకి నేన్సెప్పుకుంటాను" అని గెడ్డం పట్టుకుంది. నేను పళ్ళు బిగించాను. నీ మీద ఒట్టేసి, ఇంత దూరం వచ్చి, 58 చూశాక ఇప్పుడు చెడగొట్టుకుంటానా. విసురుగా చేయి తోసేసరికి అది మెట్ల కింద పడింది. చీమలు పట్టాయి. తర్వాత పాపం అనిపించింది. మీ అత్త గుమ్మంలో అటు తిరిగి కూర్చుంది.

అక్షరాలు నావి కావనిపిస్తోంది నాకే. ఒక గీత మీద రెండో గీత పడుతోంది. నిద్ర ముంచుకొస్తోంది. ఇవాళ్టి ఇరవై ఆరు పొడుచుకున్నాను, మర్చిపోలేదు. కాసేపు పడుకుంటాను.

పద్మిని కోసం నువ్వు ఏడుస్తూ ఉంటావు. ఒక్కణ్ణయినా బాగు చేశానన్న తృప్తి మిగల్చమన్నావు. చేశావమ్మా. ఇకనైనా కాస్త కన్ను మూసి పడుకో.

నీ మాట విన్న
మావయ్య.